నలభై ఒక్క సెకన్లు

సాలిగ్రామంలో మూడో అంతస్తు, రేకుల గది.
ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కంప్యూటర్‌కే.
తెర మీద ఒకామె ఫ్లాస్కు పట్టుకుని
కాన్పుల వార్డు బయట నిలబడి ఉంది,
జనవరి నుంచి.

ఆమె వెనకాల ఒక పాట పెట్టాను.
ఊరికే, తాత్కాలికంగా,
బస్సు సీట్లో రుమాలు వేసినట్టు.
రుమాలే సీటు ఆక్రమించింది.
ఇప్పుడామె రెప్ప వేసేది కూడా
ఆ పాట తాళానికే అనిపిస్తుంది.

కంపెనీకి రాశాను.
వాళ్ళు ఇంకో కంపెనీకి రాయమన్నారు.
బాణీ ఒకరిదట, మాటలు ఒకరివట,
క్యాసెట్టులో మోగిన మోత మరొకరిదట.
ఆఖరికి ఒక అంకె వచ్చింది.
దాంతో నా సినిమాని,
భోజనాలతో సహా,
ఆరుసార్లు తీయొచ్చు.

ఉచితంగా దొరికేవీ విన్నాను, రాత్రి రెండింటిదాకా.
"ఆశ, పియానో, మధ్యస్థం."
"విషాదం, మృదువు, రెండు నిమిషాలు."
సబ్బు ప్రకటనలో, కాలేజీ వీడియోలో,
ఎవరిదో పెళ్ళి ఆల్బంలో
అప్పటికే ఏడ్చి వచ్చిన విషాదం.

మిక్సింగ్ చేసే అరుళ్ చెప్పాడు,
"కింద వీధిలో వయోలా తాత ఉన్నారక్కా,
మీ తెలుగే."

దేవసహాయం గారు తలుపు తీసేసరికి
చేతిలో సగం వలిచిన చిక్కుడుకాయలు.
నలభై ఏళ్ళు రికార్డింగుల్లో వాయించారు,
వయొలిన్లకీ చెల్లోలకీ నడుమ
ఎవరూ కూనిరాగం తీయని వరస.
"నేను ఆపేస్తే మాత్రం
ఏదో పోయిందని అందరికీ తెలిసేది.
ఏం పోయిందో తెలిసేది కాదు."
నవ్వకుండానే అన్నారు.

పెట్టె తెరిచి వాయించారు.
ఇదే, ఇదే కావాలన్నాను.
"ఇది నాది కాదమ్మా,
ఒక పాటలో రెండో చరణం వెనక ఉండేది."
ఇంకోటి. అదీ ఎవరిదో.
మరోటి మొదలుపెట్టి తనే ఆగిపోయారు.
వేళ్ళ నిండా పాటలు,
ఒక్కదానికీ ఆయన పేర పట్టా లేదు.
మరి నాదేది, అని నన్నే అడిగారు.
నేను చిక్కుడుకాయల కేసి చూశాను.

అంతసేపూ నా రికార్డరు ఎర్రదీపం వెలిగే ఉంది.
ఇంటికొచ్చి వింటే
మొట్టమొదట, వాయించకముందు,
కమానుకి రోజన్ రుద్ది
తీగ ఒకటి బిగించి, వదిలి, మళ్ళీ బిగించి,
పక్కదానితో ఒప్పించి,
గొంతు సవరించుకుని,
నలభై ఒక్క సెకన్లు.
తీసుకెళ్ళి ఫ్లాస్కు ఆమె కింద పెట్టాను.
అప్పటిదాకా ఊరికే నిలబడ్డ మనిషి
ఎదురుచూడటం మొదలుపెట్టింది.

ఒప్పందం రెండు పేజీలు,
ఎవరి దగ్గరో అరుళ్ అడిగి తెచ్చిన నమూనా.
"విశ్వమంతటా, శాశ్వతంగా" దగ్గర
ఆయన కళ్ళజోడు దించి నన్ను చూశారు.
"చంద్రుడి మీద కూడా వేస్తావా?"
"ముందు కోయంబత్తూరులో తీసుకుంటే చాలండి."
ఐదు వేలు. నా దగ్గర మిగిలింది ఆరు.
ఇన్నేళ్ళూ కవర్లో డబ్బు ఇచ్చారు గానీ
కాగితం ఎవరూ ఇవ్వలేదంటూ
తన ప్రతిని మడత పడకుండా
బైబిలు కింద పెట్టుకున్నారు.
అంతకుముందు, రచన పేరు అని ఉన్న గీత మీద
చాలాసేపు ఆలోచించి రాశారు:
"ఇంకా మొదలు కాలేదు."
అది పేరో, జవాబో నేనడగలేదు.

రాత్రి ఆఖరి మిక్సు.
ముప్పై మూడో సెకను దగ్గర
ఆయన పక్కింటి కుక్కరు కూత ఒకటి.
తీసేయనా, అన్నాడు అరుళ్.
వద్దు. అది పోతే తీగ ఒంటరైపోతుంది.
ఫెస్టివల్ ఫారంలో మాత్రం ఒక గడి:
వినబడే ప్రతి శబ్దానికీ అనుమతి ఉందా?

పొద్దున్నే వెళ్ళి ఆ తలుపు కొట్టాను.
ఒకావిడ తీసింది, చేతిలో గరిటె.
"ఎన్న వేణుం?" అంది.
ఎక్కణ్ణుంచి చెప్పాలో తెలీక
పెన్ను తీశాను.