గ్యాస్ అయిపోయిన పూట

గవ్వలు ఉడికాయి. నీళ్లు వార్చాను.
టమాటా మూకుడు పొయ్యిమీద పెట్టగానే
నీలిమంట రెండుసార్లు ఎగిరి తుస్సుమంది.
సిలిండరు ఊపి చూశాను. ఖాళీ కడవలా తేలిక.

బయట పద్నాలుగు మంది.
తెల్లారకముందే వచ్చి మా గొర్రెల ఉన్ని కత్తిరిస్తున్నవాళ్లు.
కూలి అడగరు. రేపు వాళ్ల మందకి మా ఆయన వెళ్తాడు.
ఈ సార్దీనియా కొండల్లో లెక్క అది,
చేతికి చేయి, పళ్లేనికి పళ్లెం.
భోజనం తేడా వస్తే మాత్రం
ఆదివారం చర్చి గంటకన్నా ముందే ఊరంతా మోగుతుంది.

రాత్రి అత్తా నేనూ కూర్చుని
రెల్లుబుట్ట వీపుమీద బొటనవేలితో దొర్లించిన గవ్వలివి.
మల్లొరెద్దుస్ అంటారు ఇక్కడ, బుల్లి లేగదూడలని.
ఒక్కోదానికీ బుట్ట గీతలు, పక్కటెముకల్లా.
ఇంత చేసీ ముద్దైపోనిస్తానా?
బావినీళ్లు కుమ్మరించాను.

అత్త రెముందిక నోరు తెరిచింది, మూసింది.
ఆమె డెబ్బై ఏళ్లలో
వేడి పాస్తాకి తలంటు పోసినవాళ్లు ఎవరూ ఉండరు.

ఒకటికొకటి అంటుకోకుండా ఆలివ్ నూనె.
తర్వాత చేతికేది దొరికితే అది.
మొన్న సాయంత్రం విరిచిన గొర్రెపాల చీజ్,
ఇంకా ఉప్పు పట్టనిది, కొరికితే పళ్లకింద కిచకిచమనేది.
దోసెడు పచ్చి చిక్కుడు గింజలు, తోలు ఒలిచి.
గోడవార పుదీనా. నిమ్మతొక్క తురుము.
రుచి చూశాను. ఇంకా ఏదో కావాలంటోంది నాలుక.

కిటికీలో చెర్రీల బుట్ట.
మరిది లానుసేయి నుంచి తెచ్చినవి, తొలికాపు,
సాయంత్రం పిల్లలకని దాచినవి.

"వద్దు బాయింజా" అంది అత్త,
"పండు పండే. పాస్తా పాస్తానే."

గింజలు తీస్తూనే ఉన్నాను. రసం మోచేతులదాకా కారింది.
అంతలో గుమ్మంలో బరోరె,
కత్తెర జారి వేలు తెగి, గుడ్డపేలిక అడగడానికొచ్చినవాడు
నా చేతులు చూసి
"నీకేమైంది తల్లీ" అన్నాడు.
ఎర్రచేతులతో ఇద్దరం అలా నిలబడిపోయాం కాసేపు.

గంగాళం తెచ్చి బల్లమీద పెట్టాను.
ఎవరూ మాట్లాడలేదు.
లేతపసుపు గవ్వలు, చెర్రీలు తగిలినచోట గులాబీ మరకలు.
ఒకడు చెంచా ముక్కుదాకా తెచ్చుకుని వాసన చూసి
పక్కవాడి మొహం చూశాడు.

దొడ్లో అప్పుడే రభస.
ఉన్ని పోయిన తల్లుల్ని పిల్లలు గుర్తుపట్టక అరుస్తున్నాయి,
ఎముకలు తేలిన ఈ బక్కజీవాలెవరని.
దగ్గరికొచ్చి, మూతి ఆనించి, బెదిరి వెనక్కి తగ్గి,
మళ్లీ మూతి ఆనించి.
ఒకటి పొదుగు అందుకుంది. తోక ఊగింది.
కాసేపటికి ఇంకొకటి.

బల్లదగ్గర చెంచాల చప్పుడు మొదలైంది.

బరోరె కట్టు కట్టిన చేత్తోనే పళ్లెం చాపాడు, మళ్లీ.
నేను మరిచిన గింజ ఒకటి అతని పంటికింద పడింది.
ఉమ్మేయలేదు. బుగ్గన పెట్టుకుని
మధ్యాహ్నమంతా కత్తెరాడిస్తూ చప్పరించాడు.

అత్త కూర్చోలేదు బల్లదగ్గర.
గిన్నెలు తోమబోతూ చూశాను,
నావైపు వీపు పెట్టి
గంగాళం అడుగున మిగిలిన గులాబీ నీళ్లలో
రొట్టెముక్క అద్దుకుంటోంది.

"ఉప్పు తక్కువైంది" అంది, గోడతో.