పదమూడో బెజ్జం

తొంభయ్యారు చలికాలం. హానియెమిలో
మంచు కాపలా వాళ్ళం ఏడుగురం.
జీతం లేదు. తలా ఒక టార్చీ, ఒక తాడు,
అందరికీ కలిపి ఒకటే బర్మా.

గడ్డకట్టిన సరస్సు మీద పన్నెండు చోట్ల బెజ్జం వేసి
మంచు మందం కొలిచేవాణ్ణి నేను.
ఆ అంకెలు కిరాణా కొట్టు తలుపుకి అంటిస్తే
మనుషులు చదవకముందే గాలి చదివేసేది.

"వెబ్‌సైట్ పెడదాం" అంది తువోవి.
ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
ఊరి మాటల్ని ఊరికి ముడేసిన మనిషి.
బడి వాళ్ళు పారేసిన కంప్యూటర్ని
మంచుబండి మీద లాక్కొచ్చి
ఆవిరిస్నానం గది బయట, బట్టలు మార్చుకునే బల్ల మీద కూర్చోబెట్టింది.
శనివారాలు దానికి సెలవు.
ఆవిరి పడదట.

మోడెమ్ కీచుమని, గొంతు సవరించుకుని
లైను పట్టుకుందంటే ఇక వదలదు.
స్వీడన్ నుంచి అక్క ఐరా ఎప్పుడు ఫోన్ చేసినా ఎంగేజే.
"జన్మంతా అందరికీ లైన్లు కలిపావు, నాకు తప్ప"
అని ఉత్తరం రాసింది ఆవిడ, స్టాంపు అంటించకుండా.
జరిమానా కట్టి విడిపించుకుంది తువోవి.
చదివి, మడిచి, ఏమీ అనలేదు.

జనవరిలో ఓ రాత్రి పట్టిక చూద్దును కదా,
పన్నెండు కింద ఇంకో వరస:
"బెజ్జం 13: బీట్‌రూట్ సూప్. ఉప్పెక్కువైంది."
"అది నేను వెయ్యలేదే" అన్నాను.
"నీ బర్మాకి అందదులే" అంది.

రోజూ ఆరింటికి సందర్శకుల లెక్క ఒకటి పెరిగేది.
మా ఆరంటే వాళ్ళకి ఐదు,
కిరునా లైబ్రరీ తలుపులు మూసే వేళ.
"బెజ్జం 13: మోకాలు. పర్లేదు."
"బెజ్జం 13: పిల్లి కీబోర్డు మీద పడుకుంది. అందుకే నిన్న లేదు."
పాలవాన్ పెన్నానెన్ నన్ను దారిలో ఆపి మరీ అడిగాడు,
సూప్ ఉన్న వైపు మంచు గట్టిదేనా అని.

ఫిబ్రవరిలో మూడు రోజులు లెక్క కదల్లేదు.
నాలుగో సాయంత్రం తువోవి
మోడెమ్ తీగ పీకేసి ఫోన్ పక్కన కూర్చుంది.
అంకెలు పోలేదు ఎక్కడికీ.
కిరాణా కొట్టుకి నేనే పరిగెత్తి
పాత అలవాటు ప్రకారం కాగితం అంటించి, చేత్తో పట్టుకుని నిలబడ్డాను
పెన్నానెన్ వచ్చేదాకా.

తొమ్మిదింటికి మోగిందట.
లైబ్రరీకి రంగులు వేస్తున్నారు, అంతే.
గంటన్నర మాట్లాడుకున్నారు.
ఏమిటన్నది పట్టికలో రాయలేదు.

మర్నాడు పన్నెండూ కొలిచి,
బర్మా భుజాన వేసుకుని తిరగబోతూ
ఎందుకో ఇంకో పదడుగులు నడిచి
ఆగాను.