ఎంతున్నయ్ అక్కా

స్వరూప గర్భసంచి తీయించుకున్న ముచ్చట చెప్పింది,
చీర పక్కకు జరిపి కుట్లు గూడ చూపెట్టింది.
కొమురక్క, మొగడు ఇంకో ఇల్లు పెట్టిన సంగతి
అన్నం కలుపుకుంట, ఉప్పు తక్కువైందన్నంత అల్కగ చెప్పింది.
ఎనుమాముల మార్కెట్ ఎనుక, కోల్డ్ స్టోరేజీ షెడ్ల
తేజ మిర్చి కుప్ప చుట్టు కూసోని
తొడిమెలు తీసెటోళ్లం, మేం అయిదుగురం.
పదేండ్లసంది ఒకరి కడుపుల మాట ఇంకొకరికి ఎరుకే.
ఒక్కటి తప్ప.

"ఎంతున్నయ్ నీ దగ్గర?"
అడిగితె అప్పు అడిగినట్టు,
చెప్తె దిష్టి తగిలినట్టు,
లేవంటె ఉన్న ఇజ్జత్ గూడ పోయినట్టు.
ఆ మాట అంచుకొస్తె చాలు,
ఎవరో ఒకరం సద్దిగిన్నె మూత పెట్టేటోళ్లం.

ఆ నాడు ఓదెమ్మ సంచిల నుంచి
పౌడర్ డబ్బ తీసింది.
మొకానికి రాసుకుంటదేమో అనుకున్నం.
మూత తీసి ఒంపితె
పద్నాలుగు అయిదువందల నోట్లు.
పాతయి. బందైనయి.
"కొడుకులకు ఎరుకైతె పంచుమంటరని
పొయ్యెనుక గోడకన్నంల దాసిన.
నోట్లు చెల్లయన్ననాడు ఊరంత బ్యాంకుకు ఉరికింది.
నేను తియ్యలే. తీస్తె ఎక్కడియని అడుగుతరు గద.
ఎట్లనే అని ఎవల్నన్న అడుగుదమంటె
ఉన్నయని ఎవలికి చెప్పిన్నని?"

ముందుగాల రజిత నవ్వింది. పోరి, ఆగలేదు.
తర్వాత మేం నవ్వినం. ఓదెమ్మ గూడ నవ్వింది.
అటెన్క ఎవ్వరం కండ్లు తుడుసుకోలే.
మిర్చి చేతులు.
ఏడ్వాలన్నా మాకు
నల్లా దాక నడవాలె.

నడిసినం.
నల్లా కాడ కొమురక్క నోరిప్పింది:
"నాకు పోస్టాఫీసుల తొమ్మిదివేలున్నయ్.
పిల్లకు తెల్వదు, ఆయనకు తెల్వదు,
మీకు చెప్తున్న."
స్వరూప మెల్లగ, "చిట్టీల నలభై. ఎత్తుకుంటె ముప్పై రెండొస్తయట."
రజిత ఫోన్ల చూపెట్టింది, పదకొండువందల ఆరు.
ఆ ఆరు గూడ చదివింది.

నా వంతొచ్చింది.
నేను సున్న కంటె కిందున్న.
సున్న కింద ఏముంటదో ఎన్నడు నోటితోని అనలే.
"ఇరవైవేలు బాకీ" అన్న. "కిష్టయ్య సేటుకు.
నూటికి అయిదు. నెలకు వెయ్యి కడుతున్న."

స్వరూప చేతుల నీళ్లు చేతులనే ఉన్నయ్.
"నాకు రెండే గదనే," అన్నది.

అదే సేటు. అదే గల్లా. అదే ఎర్ర బుక్కు.
స్వరూపది ఊరు. నాది వాడ.
ఊరికి రెండు, వాడకు అయిదు.
ఈమె చెప్పకపోతె నాకు తెల్వకపోవు.
నేను సిగ్గుపడుకుంట ఊకుంటె ఆమెకు తెల్వకపోవు.
మా ఇద్దరి సిగ్గు మీద
వాడు రెండో అంతస్తు లేపిండు.

రజిత తక్‌పట్టీ ఎనుక లెక్క రాసింది.
నెలకు ఆరువందలెక్కువ, ఇరవైఆరు నెలలు.
పదిహేనువేల ఆరువందలు.
కిలోకు పది లెక్కన
పదిహేనువందల అరవై కిలోల మిరుపకాయ
ఉట్టిగనే తొడిమె తీసిన నేను.
ఏలు ఏలుకు మంట ఇప్పుడు లేసింది.

"ఏందే ఆ కాయితం?" గుమస్తా అరిసిండు.
"లెక్క" అన్నం.
సేటు కాడికి ఆదివారం పోదామన్నది ఓదెమ్మ,
అయిదుగురం, కల్సి.
ఏమైతదో తెల్వది. వాడు మంచోడు గాదు.

పొద్దుగూకంగ ఆటోల
నా పక్కన ఎవరో కూసుంది,
పర్సు చంకల గట్టిగ వత్తి పట్టుకోని.
ఏం పుట్టిందో నాకు, అడిగిన:
"ఎంతున్నయ్ అక్కా?"
దొంగను చూసినట్టు చూసి అవుతలికి జరిగింది.
లేబర్ కాలనీ దాటింది. ఒక్క మాట లేదు.
పోచమ్మమైదాన్ల దిగి, చిల్లర ఇచ్చి,
రెండడుగులేసి మళ్ల ఎనుకకొచ్చింది.
ఆటో రాడ్డు పట్టుకోని వంగి
నెమ్మదిగ అడిగింది:
"నీకు నూటికెంత రాస్తున్నడు, చెల్లె?"