మొప్ప ఎత్తి చూడు

ఫొటోలో గిటారు నీలం కర్టెన్‌కి ఆనుకుని ఉంది.
ఆరు తీగలూ మెరుస్తున్నాయి.
పక్కన తెల్ల యూనిఫాంలో మనిషి నవ్వుతున్నాడు.
నేవీ ఆఫీసర్నన్నాడు, పోర్ట్‌బ్లెయిర్‌కి బదిలీ అన్నాడు,
గురువారం ఓడెక్కాలి, తొందరగా తేల్చమన్నాడు.
పాతికవేల వాయిద్యం ఏడువేలకే.
ఈ ఊళ్ళో తెల్లబట్టల్ని ఎవరనుమానిస్తారు?
మా వీధి పిల్లలు నడక రాకముందే సెల్యూట్ కొడతారు.

గేటు పాసుకని పదిహేను వందలడిగాడు. పంపాను.
ఇన్సూరెన్సుకని రెండువేలు, తిరిగొచ్చేస్తాయన్నాడు. పంపాను.
ఈ గళ్ళ బొమ్మ స్కాన్ చెయ్యి, నీ డబ్బు నీకే పడుతుందన్నాడు.
చేశాను.
పడింది. నా డబ్బే. వాడి ఖాతాలో.

ఆ మధ్యాహ్నం నేవల్ బేస్ గేటు ముందు
ఖాళీ గోనెసంచితో నిలబడ్డాను,
గిటారు తడవకుండా చుట్టుకుందామని తెచ్చింది.
కాపలా జవాను నా ఫోన్లో ఆ మొహం చూశాడు.
"ఈ నెల్లో నువ్వు నాలుగోవాడివి తమ్ముడూ,
మొన్నొకాయన ఫ్రిజ్ కోసం ఆటో మాట్లాడుకుని వచ్చాడు."
నవ్వలేదు. మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

ఐస్ ఫ్యాక్టరీలో నాలుగు నెలల రాత్రులవి,
దిమ్మలు మోసి వేళ్ళు కొయ్యబారిన రాత్రులు.
ఆ వేళ్ళకే తీగలు కావాలనుకున్నాను.
వారం దాచాను. అమ్మ పసిగట్టేసింది.

మైలపిల్లి కాసులమ్మ, పెదజాలారిపేట.
ముప్పై ఏళ్ళుగా తెల్లారకముందే హార్బర్లో
వేలంపాట దగ్గర నిలబడే మనిషి.
కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది:
"మొప్ప ఎత్తకుండా చేపని కొన్నావేట్రా?"

పందొమ్మిది ముప్పైకి ఫోన్ చేయించింది.
మొదటి గంటలోనే చేసుండాల్సిందన్నారు వాళ్ళు.
ఫిర్యాదు నంబరు మాత్రం
మా గోడ క్యాలెండర్ మీద ఇంకా ఉంది.

తర్వాత ఆదివారం నాతో బయల్దేరింది, ఖాళీ తట్టతో సహా.
కంచరపాలెంలో ఒక కుర్రాడు. మాట తేనె.
గిటారుకి కొత్త వార్నీషు.
అమ్మ పుట్టి బుద్ధెరిగాక గిటారు ముట్టలేదు.
ముందు బొక్కలో ముక్కు పెట్టింది. చెమ్మ వాసన.
మెడ పొడుగునా బొటనవేలు నడిపింది,
కంటికి ఏటవాలుగా ఎత్తి పట్టింది.
"కడుపుబ్బిందిరా. ఐసులో ఎట్టి తాజాదంటన్నాడు."
నిజమే, బ్రిడ్జి వెనకాల చెక్క పొంగింది,
పన్నెండో మెట్టు దగ్గర తీగ కింద
నా చిటికెన వేలు దూరేంత సందు.
"అన్ని మెట్ల మీదా మోగించు,
తలకాయొక్కటే చూసి కొంతారేటి?"
తొమ్మిదో మెట్టు మీద తీగ ఈగలా గుయ్యిమంది.
కుర్రాడు గడియారం చూసుకున్నాడు.
ఇంకో పార్టీ దార్లో ఉందన్నాడు, ఇప్పుడే అడ్వాన్సిస్తే ఆపుతానన్నాడు.
అమ్మ తట్ట నెత్తికెత్తుకుంది.
"ఆలకే ఇచ్చియ్యి బాబూ, పున్నెం."

జ్ఞానాపురంలో డెన్జిల్ గారు,
రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి,
మేం కూర్చోకముందే గిటారు వెనక్కి తిప్పాడు.
"ఇదిగో పగులు. హుద్‌హుద్ రాత్రి బీరువా మీంచి పడింది.
నేనే అతికించాను, అంత అందంగా రాలేదు.
నాలుగో చెవి వదులు, శ్రుతి నిలవదు.
కొన్న రసీదు ఇది, సగం చెదలు తినేశాయి.
వాయించుకో, ఎంతసేపైనా. నేను టీ పెడతాను."

అమ్మ ఆ పగులు మీద వేలు ఆనించింది.
ముక్కు పెట్టలేదు.
కొంగుముడి విప్పి, ఐదువేలు రెండుసార్లు లెక్కపెట్టి
టీ రాకముందే బల్ల మీద పెట్టేసింది.
నా ఎరుకలో మా అమ్మ
బేరమాడకుండా కొన్న వస్తువు అదొక్కటే.

బస్సులో గిటారు నా ఒళ్ళో, తట్ట ఆవిడ ఒళ్ళో.
గోతిగోతికీ తీగలు గొణిగాయి.
కాన్వెంట్ జంక్షన్ దాటేలోపే
నాలుగో చెవి జారింది,
ఆయన చెప్పినట్టే.