రిబ్కమ్మ చెంబు

మర్రిగూడ దాటినంక, మట్టిరోడ్డు మలుపుల
రేకుల కప్పు చర్చి మాది.
ఆ ఆదివారం కోత పండుగ.
కృతజ్ఞత ప్రార్థన నాకు అప్పజెప్పిండ్రు.
నీకు తెలుసు ప్రభువా,
నల్లగొండ నుంచి బస్సుల వస్తూ
మూడుసార్లు మనసుల దిద్దుకున్న.
'సర్వోన్నతుడా' కాడ గొంతు ఎంత లేపాలె,
'నేను ధూళిని' కాడ ఎంత దించాలె,
అన్నీ చూసుకున్న.

ధూళినని చెప్పబోయేటోని బూట్ల మీద
ధూళి లేదు.

గుమ్మం కాడ రిబ్కమ్మ పెద్దమ్మ.
యాభై ఏండ్లు బోరునీళ్లు తాగిన నడుము
కొడవలి లెక్క వంగి, అట్లనే బిగుసుకపోయింది.
మెడ లేవదు.
ఆకాశం చూసి పదకొండేండ్లు.
ఆమెకు మనుషులంటే మోకాళ్ల కిందికే.

చెప్పులిడిచే కాడ నిలబడి
పాదాలను పేరు పెట్టి పిలుస్తది.
"పగిలిన మడిమె... ఎస్తేరువు గదనే!
భీవండి నుంచి ఎప్పుడొస్తివి?"
"బొటనవేలికి గుడ్డ ఏందిరా గిద్యోను,
పలుగు తాకిందా?"
"మట్టెలు తీసిన వేళ్లు...
రా బిడ్డా. ముందల కూసో."
ఒక్కొక్క జత పాదాలు గడప దాటినప్పుడల్లా
"తోల్కొచ్చినవా నాయినా, తోల్కొచ్చినవా"
అంటది.
మాతోని కాదు, నీతోని.

దానికి ఆమేన్ ఉండదు.
ఎనక ఇంకో జత వస్తనే ఉంటయి గద.

నా కాడ ఆగింది.
"ఈ బూట్లు ఎవలియో నాకెరుక లేదు."
నేనే పెద్దమ్మా, ఎలియాజరును.
"పాదం సూపియ్యి."
మెట్టు మీద కూలబడి, లేసు విప్పి, మేజోడు తీసిన.
తుమ్మముల్లు దిగిన పాత మచ్చ మీద
వేలు పెట్టి చూసింది.
నా ఏడో ఏట ఆ ముల్లు
పిన్నీసుతోని తీసింది ఆ వేళ్లే.
"ఆ. నువ్వే."
మెట్టు మీద కూర్చుంటే గద
ఆమె ముఖం నాకు కనపడ్డది.
నిలబడ్డన్ని రోజులు
ఆమె నెత్తి చూసి పలకరించిన!

లోపల బల్ల కాడ కందుల మూట,
బత్తాయిల గంప, ఒడినిండ పత్తి,
కాళ్లు కట్టిన పుంజు ఒకటి
వాక్యం చెప్తున్నంత సేపు కూసింది.
ఆఖరికి పెద్దమ్మ వచ్చింది.
రెండు చేతుల ఇత్తడి చెంబు,
చెంబుల నీళ్లు,
నీళ్లల్ల కిటికీలకెల్లి పడ్డ ఇంత ఆకాశం.
అది తొణకకుండ
అడుగు అడుగు లెక్కపెట్టుకుంట వచ్చింది.

"ఈ ఏడు నా పంట గిదే అయ్యగారూ.
కృష్ణ నీళ్లు. నా గుడిసె ముందటి నల్లావి."

ఎవరో నవ్విండ్రు.
వేలం పాడే ఓబేదుకు ఎట్ల పాడాలెనో తోచలే.
ఆమె బల్ల అంచు పట్టుకొని
నేలకే చెప్పింది, కాదు, నీకే:

"గడీ ముందట వంగుమన్నరు, వంగిన.
మునుము పట్టి వంగుమన్నరు, వంగిన.
తాగిన నీళ్లు వంచినయి, ఏం జేస్త.
నువ్వు మాత్రం నన్ను వంగుమనలే నాయినా.
నేను లేవలేనని
నువ్వే వంగి నా మొకం సూసినవు.
గంతే. ఇంకేం లేదు."

మైకు నా చేతికిచ్చిండ్రు.
బస్సుల దిద్దుకున్న మాటలు
ఒక్కటి దొరకలే.
ఆ 'ధూళి' కూడ దొరకలే.
ఒక కాలికి మేజోడు, ఒక కాలికి లేదు,
చాప మీద పాదం మచ్చ చూసుకుంట
చాన సేపు నిలబడి,
మైకు పక్కన పెట్టి, కూసున్న.
పాస్టరమ్మ పాట ఎత్తుకొని
నా పరువు కాపాడింది.

కందులు పోయినయి, బత్తాయిలు పోయినయి.
పుంజును గిద్యోను నూటడెబ్బైకి పాడుకున్నడు.
చెంబు పాటలకు రాలే.
ఎండకు ఆడి ఆడి వచ్చిన పిల్లలు
అడగకుండనే ఎత్తుకొని
ఒకరి తర్వాత ఒకరు తాగిండ్రు.
మూతులు తుడుచుకొని నవ్విండ్రు.
వాళ్ల పండ్లు తెల్లగ ఉన్నయి ప్రభువా,
మా ఊరి పిల్లల పండ్లు.