తిరగదోత

చుట్టుగుంటలో మా మేడమీద గదికి
మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది.
సరిగ్గా సూర్యుడి ఉత్తర ధ్రువం
సున్నా దాటబోతుండగా.

మూడు రాత్రులుగా నడుపుతున్నాను మోడల్ని.
మచ్చలు జంటలుగా పుడతాయి, చెదిరిపోతాయి.
వెనక మచ్చ తాలూకు అయస్కాంతపు పొట్టు
నరసరావుపేట బస్సంత వేగంతో
ధ్రువం దాకా కొట్టుకుపోయి
అక్కడి పాత గుర్తును కొంచెం కొంచెంగా చెరిపేసి
తన గుర్తు వేస్తుంది.
పదకొండేళ్లకోసారి అంతా తలకిందులు.
తెరమీద సీతాకోకచిలుకలు,
రెక్క వెనక రెక్క.

రెండు చక్రాలు అచ్చుగుద్దినట్టు కుదిరాయి.
మూడోదాంట్లో నా సూర్యుడు
అసలు సూర్యుడి మాట వినలేదు.

కింద కళ్లంలో మస్తాన్‌బీ
ముఖానికి తువ్వాలు చుట్టుకుని
మిరపకాయల్ని కాళ్లతో తిరగదోస్తోంది.
తుమ్ముకుంటూ దిగాను.

"ఎండెప్పుడు తగ్గుద్దో చెప్పుద్దా మీ లెక్క?"
"చెప్పదు. ఎండకీ దీనికీ పెద్ద సంబంధం లేదు."
"మరెందుకంట?"

నేను నీళ్లు నమిలాను.
ఆమె ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది,
నా చేతిలో పెట్టింది, విను అన్నట్టు.
"గింజ ఇంకా పలకట్లా. ఇంకో రోజు."
"ఎలా తెలిసింది?"
"పోయినేడు తొందరపడ్డా.
నాలుగు టిక్కీలు బూజెక్కినై."

కరెంటొచ్చింది.
ప్రవాహం వేగం ఒక పిసరు తగ్గించి
మొదటి మచ్చ నుంచి మళ్లీ మొదలెట్టాను.
తెల్లారేదాకా మేలుకోవాలి కదా అని
కళ్లు నులుముకున్నాను,
చేతులు కడుక్కోలేదన్న సంగతి
అప్పుడు గుర్తొచ్చింది.