మామిడిపిందె రంగు దారం

మోతీనగర్‌లో మెట్ల కింద కొట్టు.
నిలబడితే తలకు తగిలే చోట
బాలమణి ఇరవై రెండేళ్లుగా కూర్చునే ఉంది.
గోడంతా దారపు రీళ్లు.
పేర్లు లేవు, నంబర్లు లేవు,
దేని పక్కన ఏదుందో ఆమె వేళ్లకే తెలుసు.

చీర తీసి ఒక రీలు ఆనించి
"ఇదే" అన్నాను, నేనే తొందరపడి.
ఆమె వినలేదు.
చీరనూ నాలుగు రీళ్లనూ చంకన పెట్టుకొని
చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి నడిచింది.
"ట్యూబులైటు అబద్ధమాడ్తది మేడం.
ఎండల జూడాలె."

ఎండలో నా ఆకుపచ్చ ఆకుపచ్చ కాదు.
చిలకపచ్చ కాదు, పెసర రంగూ కాదు,
మామిడిపిందెకు తొడిమ దగ్గర ఉంటుందే
ఆ కాస్త రంగు.
నాలుగింటిలో ఒక్కటీ కలవలేదు.
ఐదోదాని కోసం మళ్లీ లోపలికి వెళ్లింది.

నేను హైటెక్ సిటీలో, పదకొండో అంతస్తులో,
ఒక బ్యాంకువాళ్ల ప్రాజెక్టు నడిపిస్తాను.
ప్రతి శుక్రవారం వాళ్లకో పట్టిక పంపుతాను,
గడులన్నీ ఆకుపచ్చగా.
అక్కడ కిటికీలకు తెరలు.
మిట్టమధ్యాహ్నం కూడా లైట్లే.

మూడున్నరకి వాన.
మెట్ల మీంచి నీళ్లు జారి గుమ్మంలోకి, కరెంటు పోయింది.
చేతికింద పనిచేసే ఫర్హీన్ పరీక్ష రాయడానికి వెళ్లింది.
బెంచీ మీద ఐదుగురం, ఐదు కవర్లు,
అందరిదీ అర్జెంటే.
నేనైతే ఈపాటికి మీటింగు పెట్టేదాన్ని.
ఆమె ఒక్కటే అడిగింది:
"ఇయ్యాల రాత్రికి ఎవరు గడ్తరు?"

ఒక చెయ్యి లేచింది,
సనత్‌నగర్ పెద్దావిడది. మనవరాలి నిశ్చితార్థం.
ఇంకో చెయ్యి సగం లేచి దిగిపోయింది.
దిగింది నాదే.

మూలనున్న తొక్కుడు మిషను మీది గుడ్డ లాగి
రెండు చుక్కలు నూనె వేసింది.
పెద్దావిడ చీర అంచు దాని మీద పరిచి
నా వైపు తిరిగింది. "కుట్టొస్తదా?"
"ఎప్పుడో బళ్లో నేర్పారు."
"అయితే నీ ఫాలు నువ్వే మొదలువెట్టు, ఓ జానెడు.
బాగలేకుంటే నేను విప్పుత."
మిగతావాళ్లలో ఒకామె సూదుల్లో దారం ఎక్కించింది,
ఒకామె ఫోను లైటు పట్టింది,
ఒకామె విసుక్కుంటూ వెళ్లిపోయింది.
వెళ్లేటప్పుడు బాలమణి ఆమెకు గొడుగిచ్చింది.

తొక్కుతూనే ఫోను చేసింది:
"రాజ్యలక్ష్మక్కా, నీ రెండు చీరలు రేపటికి గావు.
నువ్వు బయలెల్లకముందే జెప్తున్న."
అవతలి అరుపులు మా అందరికీ వినబడ్డాయి.
ఫోను చెవికి దూరం జరపలేదు ఆమె.
అంతా విని, "నాదే తప్పక్కా.
సోమారం పొద్దుగాల ఎనిమిదింటికి నేనే తెచ్చిస్త."
కరెంటు పోయిందనలేదు.
ఫర్హీన్ రాలేదనలేదు.
అంత పెద్ద వాన కురుస్తుంటే
వాన మాటే ఎత్తలేదు.

ఆ జానెడు కుట్టేసరికి నాకు గంట పట్టింది.
మూడుసార్లు వేలికి గుచ్చుకుంది.

సోమవారం పదింటికి
పదకొండో అంతస్తులో తెర పక్కకు లాగాను.
మణిదీప్ కళ్లు చిట్లించి "గ్లేర్ కొడుతోంది అక్కా" అన్నాడు.
కొట్టనీ అన్నాను.
ఆ పిల్లాడు మూడు వారాలుగా ఏదో చెప్పబోతున్నాడు నాకు,
ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చోబెట్టాను.
ఏడు గడుల్లో మూడు ఎర్రబడ్డాయి.
ఒకదానికి ఏ రంగో తేలలేదు, ఖాళీగా వదిలాను.

శుక్రవారం దాకా ఆగకుండా ఫోను చేశాను.
అవతల చాలాసేపు చప్పుడు లేదు.
సర్వర్ మాట నోటిదాకా వచ్చింది,
మానేసి వెళ్లిపోయినవాళ్ల పేర్లూ వచ్చాయి.
మింగేశాను.
"ఎప్పటికి?" అన్నాడాయన చివరికి.
చెప్పాను. నిజంగా అయ్యే తేదీ.

ఆ రోజు కట్టుకున్నది ఆ చీరే.
కుచ్చిళ్ల లోపల, ఎవరికీ కనబడని చోట,
జానెడు వంకర కుట్టు.
విప్పుతానంది గానీ
విప్పలేదు బాలమణి.